పాచా? పగడమా?



మీ ఉత్తరాలలో ఒకదానిని ఈ నెల అందరికీ చదివి వినిపించాలి. మొన్న వేసవి చివర ఆలంపూర్ నుంచి ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది. ఆలంపూర్ మీకు తెలుసు కదా? తుంగభద్ర ఒడ్డున, జోగులాంబ అమ్మవారు వెలసిన ఊరు. అక్కడికి సముద్రం చాలా దూరం. అయినా ఆ అమ్మాయి అడిగింది సముద్రపు సంగతే. ఉత్తరం ఇదీ:

"సెలవులలో హైదరాబాదులో మా పెదనాయన ఇంటికి పోయినాను. అక్కడ మా అన్న గాజుతొట్టిలో ఉప్పునీళ్లు పోసి సముద్రపు చేపలను పెంచుతున్నాడు. అంగడిలో కొన్న ఒక రాయి మీద, ఎవరూ పెట్టకుండానే, ఏదో మొలిచింది. చొక్కా గుండీ అంత ఉంటుంది. గోధుమరంగు, నడుమ కొంచెం ఆకుపచ్చ. దీపం వేస్తే విచ్చుకుంటుంది. గాజు మీద తడితే ముడుచుకుంటుంది. అన్న అది పగడమే అంటాడు. నాయనమ్మ తన ఉంగరం చూపించి, పగడమంటే ఇట్ల ఎర్రగా ఉంటది, అది ఒట్టి పాచి అంటుంది. పెదనాయన, ఏదైతేనేం, రాయి తీసి మరిగే నీళ్లు పోసి గీకితే పోతుంది అంటాడు. ముగ్గురిలో ఎవరి మాట నిజం? ఇంకొకటి. దానిని తెచ్చి మా తుంగభద్రలో వేస్తే పెరుగుతుందా?"

ఉత్తరం చదవగానే నేను చేసిన మొదటి పని, "ఆ రాయిని తీయవద్దు, గీకవద్దు, దాని మీద వేడినీళ్లు పోయనే వద్దు" అని కబురు చేయడం. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. రెండవ పని, ఆ అమ్మాయికి నాలుగు ప్రశ్నలు పంపడం. దసరా సెలవులకు మళ్లీ హైదరాబాదు పోయినప్పుడు ఆమె మూడు రోజులు తొట్టి ముందు కూర్చుని, వాటికి జవాబులు రాసి, బొమ్మ కూడా గీసి పంపింది.

ప్రశ్నలు చెప్పేముందు ఆలంపూర్ సంగతే ఒకటి చెబుతాను. అక్కడ నవబ్రహ్మ ఆలయాలని తొమ్మిది గుళ్లు ఉన్నాయి. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడు ఎనిమిది శతాబ్దాలలో కట్టినవి. బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, ఇలా అన్నీ బ్రహ్మ పేర్లే. కొత్తగా వచ్చినవాడు పేరు విని, ఇవన్నీ బ్రహ్మదేవుడి గుళ్లు కాబోలు అనుకుంటాడు. కాని అవి శివాలయాలు! పేరు ఒకటి, లోపల కొలువున్నది మరొకరు. సముద్రపు జీవుల విషయమూ ఇంతే. బయటి నుంచి చూసి పేరు పెడితే మోసపోతాం. లోపలికి తొంగిచూడాలి.

ఇలా మోసపోయినవాళ్లలో గొప్ప పండితులు కూడా ఉన్నారు. 1706లో మార్సిలీ అనే ఇటలీ దేశస్థుడు మధ్యధరా సముద్రం నుంచి అప్పుడే తీసిన ఎర్ర పగడపు కొమ్మలను సముద్రపు నీళ్లున్న పాత్రలో ఉంచాడు. కొంతసేపటికి చూస్తే కొమ్మ నిండా తెల్లని చిన్న పువ్వులు! ఒక్కొక్క పువ్వుకు ఎనిమిది రేకులు. నీటిలో నుంచి తీస్తే పువ్వులు మాయం. మళ్లీ నీటిలో పెడితే మళ్లీ ప్రత్యక్షం. "చూశారా, పగడం ఒక మొక్క. పువ్వులు పూస్తున్నది" అన్నాడాయన. పండితులందరూ ఔనన్నారు.

తరువాత ఇరవై ఏళ్లకు పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు కూడా పగడపు కొమ్మను నీటిపాత్రలో పెట్టుకుని కూర్చున్నాడు. కాని ఆయన చూసి ఊరుకోలేదు. ముట్టుకుంటే ఏం జరుగుతుంది? నీరు కొంచెం వెచ్చనైతే ఏం జరుగుతుంది? ఇలా ఒక్కొక్కటే పరీక్షించాడు. ముడుచుకునే తీరు, విచ్చుకునే తీరు గమనించి, "ఇవి పువ్వులు కావు, ప్రాణులు. రేకులనుకున్నవి వాటి చేతులు" అని పారిస్ పండితులకు రాశాడు. వాళ్లు నమ్మలేదు సరికదా, రెయమూర్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు 1727లో ఆ సంగతిని సభలో చదివినప్పుడు, పాపం నవ్వులపాలవుతాడని పేసొనెల్ పేరు కూడా చెప్పలేదు! పదిహేనేళ్లు గడిచాక 1742లో ఆ రెయమూరే, పేసొనెల్ చెప్పినది నిజమని ఒప్పుకున్నాడు.

కనుక పిల్లలూ, పగడం రాయి కాదు, చెట్టు కాదు. అది చిన్న చిన్న జీవుల కాపురం. ఆ జీవిని పాలిప్ అంటారు. దాని ఒళ్లు ఒక సంచి. సంచికి ఒకే నోరు. నోటి చుట్టూ మీసాలు. ఆ మీసాలతో నీటిలో తేలివచ్చే సన్నని ఆహారాన్ని పట్టుకుని నోట పెట్టుకుంటుంది. అనేక పగడాలలో ఇవి తమ అడుగున సున్నపురాయి కట్టుకుంటాయి. లక్షల జీవులు తరతరాలుగా కట్టిన ఆ రాయే పగడపు దిబ్బ.

ఇక నాయనమ్మ ఉంగరం సంగతి. ఎర్ర పగడం మన సముద్రాలలో పుట్టినది కాదు. పూర్వం నుంచీ మధ్యధరా సముద్రం నుంచే ఓడలలో మన దేశానికి వచ్చేది. రెండు మూడు వందల ఏళ్ల కిందట యూరపు వర్తకులు మద్రాసుకు పగడాలు తెచ్చి, మన గోలకొండ వజ్రాలు కొనుక్కుపోయేవారు. మద్రాసు జార్జిటౌనులో పగడాల వర్తకుల వీధి అనే వీధి ఇప్పటికీ ఉంది. నాయనమ్మ పగడం పగడమే. కాని పగడాలన్నీ ఎర్రగా ఉంటాయనుకోవడం, మామిడిపండ్లన్నీ బంగినపల్లే అనుకోవడం వంటిది.

ఇప్పుడు నా నాలుగు ప్రశ్నలు వినండి.

మొదటి ప్రశ్న: అది ముడుచుకున్నప్పుడు కింద రాతిగిన్నె కనిపిస్తుందా?

దిబ్బలు కట్టే రాతి పగడాలైతే ఒక్కొక్క జీవి ఒక్కొక్క రాతిగిన్నెలో కూర్చుంటుంది. భూతద్దంలో చూస్తే ఆ గిన్నె అంచు నుంచి నడుమకు సన్నని రాతి రేకులు, బండిచక్రానికి ఆకులున్నట్లు, కనిపిస్తాయి. వాటిని లెక్కపెడితే ఆరు, పన్నెండు, ఇరవైనాలుగు, ఇలా ఆరు లెక్కన ఉంటాయి. చచ్చిపోయిన పగడపు ముక్కలో కూడా ఈ చక్రాలు చెరగవు.

రెండవ ప్రశ్న: మీసాలు ఎన్ని? ఎక్కడ ఉన్నాయి? నున్నగా ఉన్నాయా, ఈకలవలె ఉన్నాయా?

సరిగ్గా ఎనిమిది ఉండి, ఒక్కొక్కటీ ఈకవలె ఉంటే, అది నాయనమ్మ ఎర్ర పగడపు వంశం. మెత్తని పగడాలు చాలా భాగం ఆ వంశంలోవే. రాతి పగడాలది ఆరు లెక్క. చూశారా, సముద్రంలో కూడా లెక్కలు రానివాడికి పేర్లు రావు!

మూడవ ప్రశ్న: అవి ఒంటరిగా ఉన్నాయా, లేక అడుగున ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయా?

నాలుగవ ప్రశ్న: గాజు మీద తడితే ఎంత వేగంగా ముడుచుకుంటుంది? ఎంత పొడుగు సాగుతుంది?

ఈ నాలుగవది ఎందుకంటే, ఉప్పునీటి తొట్లలో పిలవని చుట్టం ఒకటి తరచుగా రాళ్లతో కలిసి వస్తుంది. దాని పేరు ఐప్టేసియా. గోధుమరంగుగా, అద్దంలా పలచగా ఉంటుంది. పొడుగాటి కాడ, పొడుగాటి వాడి మీసాలు. ముట్టుకోబోతే రెప్పపాటులో కన్నంలోకి దూరుతుంది. దానిని గీకితే రాయికి అంటుకున్న తునకలు మళ్లీ కొత్త జీవులై లేస్తాయి. ఒకటి పోయి పది వస్తాయి.

రంగు సంగతి ఎందుకు అడగలేదని మీకు సందేహం కలిగిందా? అడగదగిన సందేహమే. చాలా పగడాల ఒంటిలో కంటికి కనిపించనంత చిన్న నాచుకణాలు కాపురముంటాయి. అవి వెలుతురులో ఆహారం వండి పగడానికి పెడతాయి. పగడం వాటికి ఇల్లు ఇస్తుంది. ఆ గోధుమరంగు చాలావరకు ఈ అతిథులదే. వెలుతురు మారితే రంగూ మారుతుంది. సముద్రపు నీరు మామూలుకంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి, కొన్ని వారాలు అలాగే ఉంటే, ఈ అతిథులు వెళ్లిపోతాయి. పగడం తెల్లబడిపోతుంది. అలాగే చాలాకాలం ఉంటే ఆకలితో చచ్చిపోతుంది. మన లక్షద్వీపాలలో 1998లోనూ, 2010లోనూ, 2016లోనూ, 2024లోనూ పగడాలు ఇలా తెల్లబడ్డాయి. కనుక రంగు చూసి పేరు పెట్టడమంటే, చొక్కా చూసి మనిషిని గుర్తుపట్టడమే.

ఇక మన ఆలంపూర్ అమ్మాయి జవాబులు. ఆమె మాటల్లోనే చెబుతాను.

"ముడుచుకున్నప్పుడు కింద రాతిగిన్నె లేదు. తోలు మూటలాగా గుండ్రంగా అయింది. మీసాలు పొట్టివి, నున్ననివి. పళ్లెం అంచున మాత్రమే ఉన్నాయి. రెండు వరసలు. లెక్కపెడితే ఒకసారి 38 వచ్చినాయి, ఒకసారి 40. పళ్లెం నడుమ గీతలాంటి నోరు ఉంది. వేసవిలో ఒకటే ఉండె, ఇప్పుడు ఏడు అయినాయి. అడుగున అన్నీ ఒకే చాపకు కుట్టినట్లు కలిసి ఉన్నాయి. గాజు మీద తడితే మెల్లగా ముడుచుకున్నాయి, కన్నంలోకి పోలేదు."

ఎంత చక్కని జవాబో చూడండి! ఒకసారి 38, ఒకసారి 40 అని రాసింది కాని, నచ్చిన లెక్క ఒకటి ఉంచి రెండవది దాచలేదు. మంచి పరిశోధకుల పద్ధతి అదే.

ఇప్పుడు మీరే తేల్చండి. రాతిగిన్నె లేదు, కనుక రాతి పగడం కాదు. మీసాలు ఎనిమిది కావు, ఈకలవలె లేవు, కనుక ఎర్ర పగడపు వంశమూ కాదు. పొడుగాటి కాడ లేదు, కన్నంలో దూరలేదు, కనుక ఐప్టేసియా కాదు. అంచున రెండు వరసల పొట్టి మీసాలు, అడుగున అందరికీ ఒకే చాప. ఈ గుర్తులన్నీ ఉన్నది జోయాంథిడ్ అనే తెగ. పగడాల ఆరు లెక్క వంశానికి ఇది దాయాది. రాతి ఇల్లు మాత్రం కట్టుకోదు. తొట్లు పెంచేవాళ్లు దీనిని కూడా పగడమనే పిలుస్తారు. కనుక అన్న చెప్పినది సగం నిజం.

నాయనమ్మ పాచి అన్నది కదా, ఆమె మాట ఏమైనట్లు? ఆమెకు తోడు చాలా దూరంలో, పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులలో ఉన్నారు. అక్కడ మావుయి అనే దీవిలో హానా అనే ఊరి దగ్గర ఒక కథ చెబుతారు. చేపల వేటకు పోయినవాళ్లలో ఎవరో ఒకరు మాయమైపోయేవారట. ఊరివాళ్లు ఒక మనిషిని అనుమానించి పట్టుకుని చూస్తే, వాడి వీపు మీద సొరచేప నోరు ఉన్నదట! వాడిని చంపి, కాల్చి, ఆ బూడిదను ఒడ్డున ఒక నీటిగుంటలో కలిపారు. అప్పటి నుంచి ఆ గుంటలోని పాచి విషమైపోయిందట. "హానా మృత్యుపాచి" అని దానికి పేరు. పూర్వం దానిని బల్లెం మొనలకు పూసేవారట.

ఇది కథే. కాని గుంట నిజం, విషమూ నిజం. 1961లో శాస్త్రజ్ఞులు ఆ గుంటను వెతికి పట్టుకుని, ఆ పాచిని పరీక్షకు తెచ్చారు. చూస్తే అది పాచి కాదు, ప్రాణి! పాలితోవా అనే జోయాంథిడ్. మూర్, షోయర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాని విషాన్ని వేరుచేసి 1971లో ప్రకటించారు. దాని పేరు పాలిటాక్సిన్. లోకంలో తెలిసిన అతి భయంకరమైన విషాలలో అది ఒకటి. కనుక ఆ జీవిని చూసి పాచి అనుకున్నది మన నాయనమ్మ ఒక్కతే కాదు.

మరి పెదనాయన మాట? ఇక్కడే అసలు సంగతి ఉన్నది. జోయాంథిడ్లన్నీ విషమైనవి కావు. కొన్నింటిలో విషం దాదాపు ఉండదు, కొన్నింటిలో చాలా ఉంటుంది. ఏది ఎటువంటిదో కంటితో చూసి చెప్పడం సాధ్యం కాదు. రాయి మీద ఉన్నంతసేపు అది ఎవరి జోలికీ రాదు. గీకినా, కోసినా, బ్రష్షుతో తోమినా ఆ తుంపర కంటిలోకో, చేతి గాయంలోకో పోవచ్చు. మరిగే నీళ్లు పోస్తే ఆవిరితోపాటు ఊపిరితిత్తులలోకి పోవచ్చు. 2018లో ఇంగ్లండులో ఒక ఇంట్లో తొట్టిలోని పగడాలను శుభ్రం చేస్తుండగా ఇలాగే విషం గాలిలో కలిసి, ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలయ్యారు. ఇతర దేశాలలోనూ ఇటువంటివి జరిగాయి. జ్వరం, దగ్గు, ఆయాసం, నోరు చేదవడం దాని లక్షణాలు. పేరు తెలియని దానిని ముందు చంపి తరువాత విచారిద్దామనుకుంటే, ఒక్కొక్కసారి విచారించడానికి మనమే మిగలము!

ఆ అన్నకు నేను రాసి పంపినది ఇది: "నాయనా, రాయిని నీటిలోనే ఉంచు. తొట్టిలో చేయి పెట్టవలసి వస్తే రబ్బరు తొడుగులు వేసుకో, కళ్లకు అద్దాలు పెట్టుకో. చేతికి గాయముంటే అసలే వద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కో. తొట్టి సామాను వంటింటి తొట్టిలో కడగవద్దు. చెల్లెలిని చూడనివ్వు, ముట్టనివ్వకు." పెదనాయన కూడా ఆ ఉత్తరం చదివి, పొయ్యి మీద పెట్టబోయిన నీళ్ల గిన్నె దించేశారట.

తుంగభద్ర ప్రశ్న మిగిలింది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అందులో బతకడానికి అలవాటుపడిన ఒళ్లు మంచినీటిలో పడితే నీరు లోపలికి చేరి ఉబ్బి చచ్చిపోతుంది. పైగా పగడాలకు, వాటి దాయాదులకు తేటనీరు, వెలుతురు కావాలి. తుంగభద్ర ఆలంపూర్ దాటి కృష్ణలో కలుస్తుంది. కృష్ణ తనతో ఒండ్రుమట్టి మోసుకుపోయి బంగాళాఖాతంలో పోస్తుంది. అందుకే పెద్ద నదులు కలిసేచోట పగడపు దిబ్బలు ఉండవు. మన దేశంలో పెద్ద దిబ్బలు ఉన్నవి కచ్ సింధుశాఖలో, రామేశ్వరం దగ్గరి మన్నారు సింధుశాఖలో, లక్షద్వీపాలలో, అండమాన్ నికోబార్ దీవులలో. ఇంకొక మాట. ఇంటి తొట్టిలోని ఏ జీవినీ ఏ నదిలోనూ, చెరువులోనూ వదలకూడదు. దానికీ మంచిది కాదు, ఆ నీటికీ మంచిది కాదు.

పెద్దలకు ఒక మాట. 1972 నాటి మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, 2001లో రాతి పగడాలన్నింటినీ, నల్ల పగడాలనూ, విసనకర్రవంటి సముద్రపు కొమ్మలనూ మొదటి జాబితాలో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉన్నది. తొట్టిలోకి రాయి కొనేముందు అది ఎక్కడిదో అడగండి. రామేశ్వరం యాత్రకు పోయినప్పుడు ఒడ్డున అమ్మే తెల్లని పగడపు ముక్కలు కొనవద్దు. పిల్లలకు చూపించి, అక్కడే వదిలి రండి.

చేసి చూడండి

కోడిగుడ్డు పెంకు ఒక గిన్నెలో వేసి దాని మీద నాలుగు చుక్కల నిమ్మరసం పోయండి. భూతద్దంతో చూస్తే సన్నని బుడగలు లేస్తాయి. పెంకు సున్నపు పదార్థం కనుక పులుపు తగలగానే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. ఇప్పుడు నాపరాయి ముక్క ఒకటి తెచ్చి దాని మీదా పోయండి. అక్కడా బుడగలే! గవ్వ మీద పోసినా బుడగలే. పగడం మీద పోసినా అంతే. (ఇంట్లో పరచిన బండ మీద మాత్రం పోయకండి. మచ్చ పడుతుంది, అమ్మ కేకలేస్తుంది.) దీనివల్ల ఏం తెలిసింది? బుడగలు వచ్చినంత మాత్రాన అది పగడం కాదు. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. నాలుగు గుర్తులు కలిసినప్పుడే పేరు పెట్టాలి.

వచ్చే నెలకు మీకు ఒక పని. మీ ఇంటి చుట్టుపక్కల పేరు తెలియని మొక్కనో పురుగునో ఒకదానిని ఎంచుకోండి. ముట్టుకోవద్దు, తుంచవద్దు. మూడు రోజులు చూడండి. దాని భాగాలు లెక్కపెట్టండి. బొమ్మ గీసి నాకు పంపండి. పేరు తెలియకపోతే బెంగపడకండి. పేసొనెల్ చెప్పినది నిజమని లోకం ఒప్పుకోవడానికి పదిహేనేళ్లు పట్టింది. మీకు ఒక నెల పడితే తప్పేముంది?